ఊపిరితిత్తుల క్యాన్సరు: ముందే కనుగొను పరీక్ష మన జిల్లాలకును రావలెను

బీచుపల్లికడ కృష్ణను దాటు 44వ జాతీయ రహదారిమీద, ఆంజనేయస్వామికి మ్రొక్కుకొని, ఉత్తరమున హైదరాబాదునకో దక్షిణమున కర్నూలునకో పోవు రోగులలో ఊపిరితిత్తుల క్యాన్సరు బాధితులును కలరు. మన దేశమున ఈ వ్యాధి అధికసంఖ్యాకులయందు ముదిరిన పిమ్మటనే బయటపడుచున్నది. ఊపిరితిత్తి కణజాలమునకు నొప్పి తెలియదు గనుక తొలిదశలోని కంతి మనిషిని హెచ్చరింపదు. దగ్గు మొదలైన నాడు మన ప్రాంతమున ముందుగా తలపునకు వచ్చునది క్షయ గనుక, ఆ మందులతోనే విలువైన నెలలు గడచిపోవుటయు కలదు.

కత్తిగాటు లేక, సూదిపోటు లేక, ఊపిరి బిగబట్టిన కొన్ని క్షణములలో ముగియు స్వల్పమోతాదు సీటీ స్కాను ఈ ఆలస్యమునకు నేడు నిరూపితమైన ప్రతిక్రియ. అమెరికాలో ఏబదిమూడువేలకు పైబడిన ధూమపాయులపై జరిగిన పరిశోధన, మామూలు ఎక్సురేతో పోల్చగా ఈ పరీక్షవలన ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు నూటికి 20 తగ్గినవని 2011లో ప్రకటించెను. ఊపిరిలోని ఆవిరులను, రక్తములోని కంతి డీఎన్‌ఏ తునకలను పట్టు పరీక్షలు ఆశాజనకములేగాని, అవి మరణములను తగ్గించునని ఇంకను రుజువు కాలేదు.

క్షయ మానిన మచ్చలు మన ఛాతీలలో మెండు గనుక, స్కాను వృథాభయము పుట్టించుననువారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. అయితే 2020లో వెలువడిన నెదర్లాండ్సు, బెల్జియముల పరిశోధన దారి చూపినది: కనబడిన ప్రతి గడ్డను గ్రుచ్చి చూడక, దాని ఘనపరిమాణమును కొలిచి, కొంతకాలమునకు మరల స్కాను తీసి, పెరుగుదలనుబట్టి నిర్ణయించుటచే, పురుషులకు చేసిన పరీక్షలలో నూటికి సుమారు రెండే అనుమానాస్పదములుగా తేలినవి, మరణములును పదియేండ్లలో నూటికి 24 తగ్గినవి.

ముప్పది యేండ్లు దాటినవారికి ప్రభుత్వము నోటి, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరుల పరీక్షలు తలపెట్టినదిగాని, ఊపిరితిత్తులకు అందు చోటు లేదు. వనపర్తి, నాగర్‌కర్నూలులందు 2022లోను, గద్వాలలో 2024లోను వైద్యకళాశాలలు వెలసిన ఈ సమయమున ఆ మూడును చేయి కలిపి, ఏబదియేండ్లు పైబడి చిరకాలము బీడీ, చుట్ట, సిగరెట్టు త్రాగినవారికి ఈ స్కానును ఉచితముగా ఆరంభింపవలెను. తెమడలో క్షయక్రిములు కనబడక, మందులకు దగ్గు లొంగనివారిని తడవు చేయక సీటీకి పంపవలెను. పరీక్షకు వచ్చిన ప్రతివానికిని పొగ మానుటకు సాయమును అక్కడనే అందింపవలెను. గద్వాల మగ్గముకడను, వనపర్తి వేరుసెనగ చేలలోను బీడీతో ఏండ్లు గడపినవానికి, నగరవాసికి లభించు పరీక్షయే హక్కుగా లభింపవలెను.