అపార్థం ఉన్నా బాగుండేది

మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేసరికి నాకు గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. రానూపోనూ రెండు గంటలు. సరిగ్గా ఒక చిన్న రొమాన్స్ నవల పట్టే టైమ్. పొద్దున మియాపూర్‌లో మొహం మొహం చూసుకోని ఇద్దరు, సాయంత్రం నేను ఇల్లు చేరేలోపు ప్రేమించుకుని, పోట్లాడుకుని, మళ్లీ కలిసిపోతారు. సీటు దొరికినా దొరక్కపోయినా వాళ్ల పెళ్లి మాత్రం ఆగదు.

వీటిని ఇంగ్లీషులో నావెల్లా అంటారు. నెబ్యులా అవార్డుల లెక్కలో అయితే 17,500 నుంచి 40,000 మాటల లోపు ఉండాలి. పేరు కొత్తగా ఉంది కానీ రుచి మనకు పాతదే. స్వాతి మాసపత్రికతో అనుబంధ నవల వచ్చేది. పత్రిక ఇంట్లోకి రాగానే అమ్మ ముందు దాన్నే తీసి దాచుకునేది. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక పడుకుని మొదలుపెడితే, నేను స్కూల్ నుంచి వచ్చేసరికి చివరి పేజీలో ఉండేది. “రెండు నిమిషాలే, ఉండు” అనేది. ఆ రెండు నిమిషాలు అయ్యేదాకా టిఫిన్ ఉండదు. ఇప్పుడు మెట్రోలో పక్కావిడ ఏదైనా అడిగితే నేనూ అదే మాట అంటున్నాను.

నాకు ఈ పిచ్చి అంటించింది అలీ హేజెల్‌వుడ్. అది ఆవిడ కలం పేరు, న్యూరోసైన్స్ చదువుకున్నావిడ. 2022లో మూడు చిన్న నవలలు వరసగా వదిలి, 2023 జనవరిలో మూడింటినీ కలిపి ‘లోత్ టు లవ్ యూ’ పేరుతో ఒకే పుస్తకంగా వేశారు. ముగ్గురు హీరోయిన్లూ ఫ్రెండ్స్, ముగ్గురూ ఇంజినీర్లే. మారా పర్యావరణ ఇంజినీరు. ఆయిల్ కంపెనీ లాయర్‌తో ఒకే ఇంట్లో ఉండాల్సి వస్తుంది. ఇంట్లో థర్మోస్టాట్‌ని ఎవరు ముట్టుకున్నారు, ఫ్రిజ్‌లో నా తిండి ఎవరు తిన్నారు అని వాళ్ల గొడవ. పీజీలో ఉన్నవాళ్లెవరికైనా ఈ యుద్ధం కొత్త కాదు. సేడీ సివిల్ ఇంజినీరు. మనసు విరిచినవాడితోనే న్యూయార్క్ లిఫ్ట్‌లో గంటల తరబడి ఇరుక్కుంటుంది. నాసాలో పనిచేసే హానా ఆర్కిటిక్ మంచులో దెబ్బ తగిలి చిక్కుకుంటే, ప్రాణాలకు తెగించి కాపాడటానికి వచ్చేది ఎప్పటినుంచో పడనివాడే.

ఇల్లు, లిఫ్ట్, మంచు. గమనించారా? పేజీలు తక్కువ కాబట్టి ఇద్దర్నీ ఎటూ పారిపోలేని చోట పెట్టి తలుపేసేస్తారు. పరిచయాలకీ కాఫీలకీ టైమ్ లేదు. ఇది మోసమని నేను అనను, పనితనమే అంటాను. చిన్న మెమరీలో ప్రోగ్రామ్ నడపాలంటే అక్కర్లేనివన్నీ తీసేస్తాం కదా, అలాగే.

ఇంకో సుఖం, చివర్లో కలుస్తారని ముందే తెలియడం. తెలిస్తే ఇంకేం మజా అని మా టీంలో ఒకడు అడిగాడు. శుక్రవారం రాత్రి రిలీజ్ పెట్టి, శనివారం తెల్లారేదాకా ఫోన్ వైపు చూస్తూ కూర్చునే ఉద్యోగం వాడిదీ నాదీ. ఏదో ఒకటి కచ్చితంగా బాగవుతుందని తెలిసి చదవడం ఎంత హాయో వాడికి చెప్పాల్సిన పనిలేదనుకున్నా. చెప్పాల్సి వచ్చింది. (ఇప్పుడు వాడు నాలుగోది చదువుతున్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో టెక్ వీడియో చూస్తున్నట్టు నటిస్తూ.)

కానీ పోయినేడాది ఈ పుస్తకాలు నన్ను ఒకచోట దెబ్బకొట్టాయి. పుస్తకాలు కొట్టాయనడం అన్యాయం, నేనే వెళ్లి తగిలించుకున్నాను.

మూడేళ్లుగా నేనూ ఒకతనూ పెళ్లి చేసుకుందామనే అనుకుంటున్నాం. అతనికి డాలస్ ఆన్‌సైట్ వచ్చింది. మా అమ్మ కాకినాడలో ఒక్కతే. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు, ఆ ఇల్లు వదిలి రానంటుంది. విజిటర్ వీసా మీద ఆర్నెల్లు తీసుకెళ్దాం అన్నాడతను. ఆ తర్వాత ఆర్నెల్లు? అన్నాను. మాటలు తగ్గాయి. మెసేజ్‌లు ‘తిన్నావా’ దగ్గర ఆగిపోయాయి.

అప్పుడు నేను వరసగా ఈ నవలలే చదువుతున్నా. వాటిలో ముప్పావు భాగం అయ్యాక ఒక పెద్ద అపార్థం వస్తుంది. సేడీ, తను నమ్మి చెప్పిన విషయాల్ని అతను తన కంపెనీ కోసం వాడుకున్నాడనుకుంటుంది. లిఫ్ట్‌లో కూర్చుని మాట్లాడుకునేసరికి అసలు సంగతి బయటపడుతుంది. ఒక్క నిజాయితీ గల సంభాషణ, అంతే, అడ్డుగోడ కూలిపోతుంది.

నేనూ ఆ ఒక్క సంభాషణకి సిద్ధమయ్యాను. ఫోన్‌లో నోట్స్ రాసుకుని మరీ. ఇరానీ హోటల్లో కూర్చుని మొత్తం చెప్పాను. అమ్మ గురించి, నా భయం గురించి, అతను లేకపోతే నాకు ఎలా ఉంటుందో కూడా. ఎక్కడా ఆపకుండా విన్నాడు.

“ఇవన్నీ నాకు తెలుసురా” అన్నాడు.

తర్వాత అతను చెప్పాడు. తమ్ముడి చదువు, ఇంటి లోను, ఈ అవకాశం మళ్లీ రాదని. అవన్నీ నాకూ తెలుసు.

అదీ సమస్య. మా మధ్య అపార్థమే లేదు. ఇద్దరికీ విషయం పూర్తిగా అర్థమైంది. చాయ్ మీద మీగడ కట్టింది. బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని కాసేపు పోట్లాడుకున్నాం, ఆ రోజు జరిగిన గొడవ అదొక్కటే.

ఆ తర్వాత మళ్లీ ఆ మూడు కథలూ తిరగేశాను, ఈసారి కాస్త కోపంగా. చిన్న నవలకి అపార్థమే ఎందుకు కావాలో అప్పుడు తెలిసింది. అపార్థాన్ని పది పేజీల్లో విప్పొచ్చు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి మాటా న్యాయమే, అయినా కుదరడం లేదు అంటే దానికి ఏళ్లు కావాలి, పేజీలు చాలవు. అందుకే వాటిలో అమ్మానాన్నలు దాదాపు కనిపించరు. లోన్లు కట్టే తమ్ముళ్లూ అన్నలూ ఉండరు. వాళ్లలో ఒక్కరు గట్టిగా గొంతు విప్పినా కథ నాలుగొందల పేజీలు దాటిపోతుంది.

పెద్ద నవల అయితే సరిపోతుందా అంటే అదీ చెప్పలేను. అమ్మ తరం యద్దనపూడి ‘సెక్రటరీ’ని సీరియల్‌గా నెలనెలా ఎదురుచూస్తూ చదివింది. అక్కడా జయంతికీ రాజశేఖరానికీ మధ్య నడిచింది ఎక్కువగా అపార్థాలూ అభిమానాలే. కాకపోతే వాళ్లతో పాటు చదివేవాళ్లు కూడా నెల నెలా ఆగారు. కోపం చల్లారడానికి ఎంత టైమ్ పడుతుందో అంత టైమ్ నిజంగానే పట్టింది. మెట్రోలో నాకు అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా పడుతోంది.

ఇంతకీ ఏమైందంటారా? అతను డాలస్‌లో ఉన్నాడు. ఆదివారం రాత్రి ఫోన్ చేస్తాడు, అక్కడ పొద్దున్నవుతుంది. విడిపోయామని ఇద్దరిలో ఎవరూ అనలేదు, కలిసి ఉన్నామనీ అనలేదు. పోయిన వారం అమ్మ ఉన్నట్టుండి, “పాస్‌పోర్టుకి ఏమేం కాగితాలు కావాలే?” అని అడిగింది. ఎందుకమ్మా అంటే, “ఊరికే” అంది. నేనూ ఇంకేం అడగలేదు, లిస్టు మాత్రం వాట్సాప్ చేశాను.

రొమాన్స్ చదవడం మానలేదు. నిన్న కొత్తది మొదలుపెట్టాను. ఇందులో హీరోయిన్‌కి ఊళ్లో అమ్మ ఉంది. మూడో అధ్యాయంలోనే ఫోన్ చేసి, ఎప్పుడొస్తున్నావని అడిగింది. నూట ముప్పై పేజీలే ఉంది పుస్తకం. ఎలా సర్దుతారో సాయంత్రం చూడాలి.