ధింసాకి వెనకవైపు ఉండదు

బొర్రా గుహలు చూసి బయటికొచ్చిన వాళ్ల ఫోన్లలో రెండు రకాల వీడియోలు కచ్చితంగా ఉంటాయి. ఒకటి, రంగు లైట్ల కింద మెరిసే సున్నపురాళ్లు. రెండోది ధింసా. మొదటిదానికి ఢోకా లేదు. రెండోదాన్ని మాత్రం మ్యూట్ చేసి, మీద ఏదో సినిమా పాట అతికించి రీల్ పెట్టేస్తారు. ఎందుకలా అంటే 'సౌండ్ సరిగ్గా రాలేదు' అంటారు.

అక్కడ వాయించేది తక్కువేం కాదు. ఊదడానికి మోరి, జోడుకొమ్ములు. కొట్టడానికి డప్పు, తుడుము, కిరిడి. వీటికి తోడు ఆడేవాళ్ల కాళ్ల అందెలు. బోడ ధింసాలో చేతులు వీపు వెనక పెనవేసుకుని, వరుస పాములా మెలికలు తిరిగి, చివరికి వలయమై వస్తుంది. నెమలి ఈకల కట్ట పట్టుకున్నాయన ముందు నడుస్తాడు. మధ్యమధ్యలో అందరూ కలిసి వేసే కేకలు సరేసరి. అంటే శబ్దం ఒకచోట నిలబడదు. చుట్టూ తిరుగుతుంది.

దాన్ని పట్టడానికి మనవాళ్లు సాధారణంగా కెమెరా మీద షాట్‌గన్ మైకు బిగిస్తారు. అది ముందున్న దాన్నే గట్టిగా వింటుంది. పక్కలవి, వెనకవి తగ్గించేస్తుంది. ఇంటర్వ్యూకి బ్రహ్మాండం. ధింసాకి మాత్రం తంటా. వరుస ఎదురుగా వచ్చినప్పుడు అందెలు గలగలమంటాయి, పక్కకి తిరగ్గానే మాయం. అలాంటి వీడియో ఒకటి అరకు వైపు ఊళ్లో ఒక పెద్దాయన నా పక్కనే కూర్చుని చూశాడు. తుడుము బాగానే వినపడుతోంది గానీ ఆడోళ్ల కాళ్లేవీ అని అడిగాడు. నాకు ఆ ప్రశ్నే అసలు పాయింటు అనిపించింది. మనకి అందెలు నేపథ్యం. ఆయనకి అవీ వాయిద్యమే.

ఇక్కడే ఓమ్నీ మైకు పనికొస్తుంది. ఓమ్నీ అంటే అన్ని వైపుల నుంచీ వినేది. దాని లోపల పలచటి పొర ఉంటుంది. ఆ పొరకి ఒక పక్కే గాలికి తెరిచి ఉంటుంది, రెండో పక్క మూసేసి ఉంటుంది. అందుకని అది గాలి ఒత్తిడిలో మార్పుని మాత్రమే కొలుస్తుంది. ఒత్తిడికి దిక్కు లేదు కదా! షాట్‌గన్ లాంటి వాటిల్లో పొర వెనక్కి కూడా శబ్దం చేరే దారి పెడతారు. ముందుకీ వెనక్కీ ఉన్న తేడాతోనే అవి దిక్కు కనిపెడతాయి.

దీనికోసం లక్షలు పెట్టక్కర్లేదు. యూట్యూబర్లు చొక్కాకి తగిలించుకునే బోయా బీవై-ఎం1 కాలర్ మైకు ఓమ్నీ కండెన్సరే. దానికి 6 మీటర్ల వైరు కూడా ఉంటుంది. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కనిపెట్టిన ఎలక్ట్రెట్ పొర పుణ్యమా అని కండెన్సర్ మైకు ఇంత చిన్నదీ, ఇంత చవకదీ అయింది. మీ ఫోన్ లోపలుండే మైకు కూడా ఆ కుటుంబంలోదే. కాకపోతే చాలా ఫోన్లు తమకున్న రెండు మూడు మైకుల్ని కలిపి, మాటని ఉంచి మిగతాది 'నాయిస్' అని తీసేయాలని చూస్తాయి. ఆగకుండా ఊదే మోరి దానికి ఫ్యాను చప్పుడులా అనిపించినా ఆశ్చర్యం లేదు.

చిన్నదిగా ఉండటం కూడా ప్లస్సే. 10 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 3.4 సెంటీమీటర్లు. పొర వెడల్పు దానికి దగ్గరగా ఉంటే ఓమ్నీ మైకు కూడా పై స్వరాల దగ్గర ముందువైపే ఎక్కువ వింటుంది. కొన్ని మిల్లీమీటర్ల పొరైతే అందెల గలగలని ఏ పక్క నుంచి వచ్చినా దాదాపు ఒకేలా పడుతుంది. ఇంకో లాభం: దగ్గరికి తెస్తే డైరెక్షనల్ మైకులో బేస్ ఉబ్బిపోతుంది. ఓమ్నీలో ఆ గోల లేదు. కొండగాలికీ, చేతి కదలికకీ కూడా తక్కువ గుడగుడలాడుతుంది. అలాగని ఫోమ్ తొడుగు తీసేయకండి.

మరి లోటు లేదా అంటే, ఉంది. ఓమ్నీ అన్నీ వింటుంది, వద్దన్నవి కూడా. కొత్తవలస-కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం మోసే గూడ్సు పోయిందా, అదీ రికార్డవుతుంది. చూసేవాళ్ల కబుర్లూ పడతాయి. పరిసరాల శబ్దం అంతే మోతాదులో ఉండాలంటే, మామూలు కార్డియాయిడ్ మైకు 1.7 మీటర్ల దూరంలో పెట్టేచోట ఓమ్నీని 1 మీటరు దగ్గరికి తేవాలి. గుహల్లోపల ఆ మోత మరీ ఎక్కువ కాబట్టి ఇంకా దగ్గరికెళ్లాలి. నీటిచుక్కల్లాంటి సన్నటి శబ్దాలకైతే కాలర్ మైకు తన 'స్...' చప్పుడుని కూడా కలిపేస్తుంది. ప్రకృతి శబ్దాలు పట్టేవాళ్లు అందుకే జపాన్ కంపెనీ ప్రైమో చేసిన ఈఎం172 లాంటి 10 మిల్లీమీటర్ల క్యాప్సూళ్లు వాడుతుంటారు.

ధింసా దగ్గర నేను చెప్పేది ఒక్కటే: మిక్సింగ్ అంతా కాళ్లతో చేయండి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. తుడుము ఎలాగూ మోగుతుంది, దానికి దూరంగా జరగండి. అందెలకి దగ్గరగా, నడుము ఎత్తులో మైకు ఉంచండి. వెదురు కర్రకి క్లిప్పు పెట్టి ఎవరైనా పట్టుకుంటే చాలు. నేలలో పాతితే అడుగుల అదురు ఎక్కుతుంది. రెండు ఇన్‌పుట్లున్న రికార్డరు దొరికితే అదే కర్రకి అర మీటరు ఎడంలో రెండు మైకులు కట్టండి. వరుస ఎడమ నుంచి కుడికి తిరగడం ఇయర్‌ఫోన్స్‌లో తెలిసిపోతుంది. యాప్‌లో ఆటో గెయిన్ ఆపేయండి, లేకపోతే ప్రతి తుడుము దెబ్బకీ మోరి మునిగి తేలుతుంది. డబ్ల్యూఏవీలో తీయండి. గట్టి దెబ్బ మైనస్ 12 దాటకుండా చూసుకోండి.

ఒక్క మైకుతో ఏమవుతుందిలే అనుకోకండి. 1951లో మెర్క్యురీ కంపెనీ షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా మొత్తాన్ని ఒకే మైకు వేలాడదీసి రికార్డు చేసింది. ఆ రికార్డుని ఇప్పటికీ వెతుక్కుని వింటారు. మైకు ఎక్కడ పెట్టాలన్న దాని మీదే వాళ్ల కష్టమంతా.

చివరగా, మైకు కంటే పెద్ద విషయం. మొదలెట్టే ముందు అడగండి. అయ్యాక వాయించినవాళ్లకీ ఆడినవాళ్లకీ అక్కడే వినిపించండి. మోరి తగ్గిందనో, కేకలు పోయాయనో వాళ్లే చెబుతారు, అప్పుడు మైకు జరపండి. ఎవరు వాయించారు, ఏ ఊరు, ఏ తేదీ, బోడ ధింసానా బాగ్ ధింసానా అన్నది ఫైలు పేరులోనే రాయండి. సిగ్నల్ లేకపోతే బ్లూటూత్‌లో పంపండి, కొండ దిగే ముందే. ఇటుకల పండక్కి ఊళ్లో ఎవరో కుర్రాడు ఆ ఫైలు పెట్టుకుని మోరి నేర్చుకోవచ్చు. మన రీల్ రెండు రోజులే తిరుగుతుంది, ఆ ఫైలు వాళ్ల దగ్గరుంటే ఎన్నాళ్లైనా తిరుగుతుంది.