రిజిస్టరులో పేరు లేని విశ్వాసులు



కొంతకాలం క్రితం మన స్త్రీల వార్డులో కాలి పుండుతో ఒక తల్లి చేరింది. షుగరు ఉంది. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పని చేసుకునే మనిషి. ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఒక ఆదివారం సాయంత్రం రోగులను చూడడానికి వచ్చిన విశ్వాసులు ఆమె మంచం దగ్గర ఆగి, "మీది ఏ సంఘమమ్మా? బాప్తిస్మం తీసుకున్నావా?" అని అడిగారు. నుదుటి బొట్టు కనబడకుండా ఆమె కొంగు ముందుకు లాక్కుని, "లేదమ్మా" అంది. వారు రెండు మాటలు ప్రార్థన చేసి, కరపత్రం చేతిలో పెట్టి పక్క మంచానికి వెళ్లిపోయారు. మళ్లీ ఆమె దగ్గరకు రాలేదు.

ఆ రాత్రి నాకు డ్యూటీ. నిద్ర పట్టక ఆమె చెప్పుకొచ్చింది. పదకొండేళ్ల క్రితం కాన్పుకు వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన కొత్త నిబంధనను బియ్యం డబ్బా వెనుక దాచుకుందట. ఇంట్లోవాళ్లు లేవకముందే లేచి, కొంచెం చదువుకుని, యేసయ్యకు మొర పెట్టుకుంటుందట. "ఆయన్ని నమ్మే బతుకుతున్నా సిస్టరమ్మా. చర్చికి వస్తే మాత్రం నా సంసారం నిలబడదు" అంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఎక్కడో స్వస్థత కూడికకు వెళ్లి ప్రార్థన చేయించుకున్నాక షుగరు మాత్రలు మానేసింది. ఎనిమిది నెలలు వేసుకోలేదు. పాదాలకు స్పర్శ తగ్గింది. చెప్పు కరిచిన సంగతి కూడా తెలియలేదు. మన దగ్గరకు వచ్చేసరికి రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది. "మాత్రలు మానొద్దని చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోయారా?" అని అడిగాను. "యేసయ్య సంగతి మాట్లాడుకోవడానికి నాకెవరున్నారు?" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు.

ఇటువంటి విశ్వాసులు మనం అనుకునేదానికన్నా ఎక్కువమంది. మనకు దగ్గరలో ఉన్న మద్రాసులో గురుకుల్ లూథరన్ వేదాంత కళాశాలలో బోధించిన హెర్బర్ట్ హోఫర్ గారు బాప్తిస్మం లేకుండా క్రీస్తును ఆరాధించేవారి గురించి పరిశోధన చేసి 1991లో పుస్తకం ప్రచురించారు. మన ఆంధ్రలోనే ప్రధానోపాధ్యాయుడైన కలగర సుబ్బారావు గారు (1912–1981) 1942లో క్రీస్తు దర్శనం పొందానని చెప్పి, బాప్తిస్మం గానీ సంఘ సభ్యత్వం గానీ అక్కరలేదని వాదించారు. స్వస్థత కోరి ఆయన దగ్గరకు జనం వెళ్లేవారు.

కొందరు బాప్తిస్మానికి వెనుకాడడానికి ఇంకో కారణమూ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. ఆ ఉత్తర్వును సవరించి సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా ఇచ్చారు. పిల్లల చదువు, ఉద్యోగం కళ్ల ముందు పెట్టుకుని నలిగిపోయే తండ్రిని "నీ విశ్వాసం ఇంతేనా" అని అడగడం సులభమే. ఆ బరువు మోసేది అడిగేవాడు కాదు.

అయితే బాప్తిస్మం, సంఘము అక్కరలేదా అని మీరు అడగవచ్చు. నేను అలా అనను. 1860లలో జర్మనీ నుండి హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు మన ప్రాంతానికి వచ్చారు. ఆనాటి నుండి మన పెద్దలు రిజిస్టరులో పేరు రాయించుకున్నది ఊరికే కాదు. ఊరివాళ్లు వెలివేసినా వెనుదిరగలేదు. ఆ సాక్ష్యాన్ని తక్కువ చేయకూడదు.

మరొకటి గమనించండి. భక్తసింగ్ గారు పాత మిషన్ సంఘాలకు వెలుపల నడిచారు. కానీ ఒంటరిగా నడవలేదు. 1941లో మద్రాసులో, ఆ తర్వాత హైదరాబాద్ హెబ్రోనులో విశ్వాసులను కూర్చారు. సంఘము వద్దన్న సుబ్బారావు గారి చుట్టూ కూడా మనుషులు చేరారు. రిజిస్టరు లేకుండా విశ్వాసం బతకవచ్చు. తోటి మనుషులు లేకుండా బతకడం మాత్రం చాలా కష్టం. ఆ తల్లికి లేనిది విశ్వాసం కాదు, తోడు.

బైబిల్లో నయమాను సంగతి మీకు తెలిసినదే. ఆయన కూడా రోగిగానే వచ్చాడు. కుష్ఠు పోయాక, తన రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు తానూ పక్కన వంగవలసి వస్తుందని, దానికి క్షమాపణ దొరకాలని కోరాడు. ఎలీషా ఆయనను గద్దించలేదు, సమాధానంతో పంపాడు. దేవుని ప్రవక్త చూపిన ఓపిక మనం ఎందుకు చూపకూడదు?

అందుచేత సంఘ కుటుంబాలకు నా మనవి ఇది. రోగి మంచం దగ్గర సంఘము పేరు, బాప్తిస్మం సంగతి ముందుగా అడగకండి. ఎలా ఉన్నారు, అన్నం తిన్నారా, మందులు ఉన్నాయా అని అడగండి. జబ్బులో ఉన్న మనిషిని నిర్ణయం కోసం తొందరపెట్టకండి. ఇంటికి వెళ్లాక మళ్లీ ఒకసారి పలకరించండి.

ఇంట్లో రహస్యంగా ప్రార్థించుకునే వారికి కూడా ఒక మాట. మీ విశ్వాసాన్ని మేము చిన్నచూపు చూడము. కానీ మనసు విప్పి మాట్లాడడానికి ఒకరిద్దరినైనా వెదుక్కోండి. ఏ కూడికకు వెళ్లినా డాక్టరును అడగకుండా షుగరు, బి.పి., టి.బి., ఫిట్స్ మందులు మానవద్దు. ప్రార్థించండి, మాత్ర కూడా వేసుకోండి. షుగరు ఉన్నవారు రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి.

ఆ తల్లి ఇంటికి వెళ్లింది. ఆమె సమ్మతించిన మీదటే మన సంఘంలోని ఇద్దరు అక్కలు శనివారం మధ్యాహ్నం వెళ్లి కూర్చుని వస్తున్నారు. బాప్తిస్మం మాట ఎత్తరు. ముందు కట్టు విప్పి పుండు మానుతున్నదీ లేనిదీ చూస్తారు, ఆ తర్వాత ముగ్గురూ కలిసి ప్రార్థన చేసుకుంటారు.