కారు షెడ్డులో ఉంటే భద్రంగా ఉన్నట్టు కాదు



ఈసారి మిర్చి గురించి కాదు, కారు గురించి రాస్తున్నాను. పదేళ్ళ కిందట మన పల్నాడు ఊళ్ళల్లో కారు ఉన్న ఇళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు బజారుకి రెండు మూడు కనపడుతున్నాయి. ఎక్కువ భాగం సెకండ్‌హ్యాండ్ బళ్ళే. ఆల్టో, వ్యాగనార్, ఇండికా, స్విఫ్ట్. మంచిదే. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాల్సొస్తే ఆటో కోసం ఒకరి తలుపు కొట్టే పని లేదు. నాకు నచ్చనిది ఒక్కటే. కారుని తక్కువ తిప్పితే దాన్ని బాగా చూసుకున్నట్టే అని మనోళ్ళలో చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. ఆ నమ్మకం తప్పు అంటాను నేను.

మన కారు బతుకు ఎట్లా ఉంటదో చూడండి. నెలలో ఇరవై ఐదు రోజులు రేకుల షెడ్డులోనో, వేపచెట్టు కిందో, పైన పాత పట్టా కప్పుకొని ఉంటది. మధ్యలో ఒకసారి నరసరావుపేట దాకా. మిర్చి డబ్బులు చేతికొచ్చాక, ఎండలు ముదిరాక, తిరుపతి ప్రయాణం. అద్దంకి మీదుగా పోయి మేదరమెట్ల దగ్గర పెద్ద హైవే ఎక్కితే ఇక బండి నూరుకి తగ్గదు. ఐదుగురు కూర్చునే కారులో ఏడుగురు, సందుల్లో సంచులు. టౌనులో రోజూ తిరిగే కారుకి ఏదన్నా తేడా వస్తే నడిపేవాడికి రెండో రోజే తెలిసిపోద్ది. మన కారు తేడా మనకి తెలిసేది ఆ హైవే మీదే.

అన్నిటికంటే ముందు టైర్లు. "గీతలు ఎంత లోతుగా ఉన్నాయో చూడన్నా, కొత్త టైర్లే" అంటారు. గీతలు అరుగుదల చెబుతాయి గానీ వయసు చెప్పవు. రబ్బరు తిరిగినా ముసలిదవుద్ది, నిలబడినా ముసలిదవుద్ది. ఎండకి, వేడికి లోపల్లోపల గట్టిపడి పక్కల సన్నటి పగుళ్ళు వస్తాయి. టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటది. దాని చివర నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఒక పక్క కనపడకపోతే రెండో పక్క ఉంటది, వంగి చూడాలి. ఐదేళ్ళు దాటిన టైరుని ఏటా ఒకసారి తెలిసినవాళ్ళకి చూపించాలి. పదేళ్ళు దాటితే, గీతలు ఎంత బాగున్నా సరే, తీసేయాల్సిందే. డిక్కీలో ఉండే స్టెప్నీకీ అదే లెక్క. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు నల్లరంగు పాలిష్ కొట్టి నిగనిగలాడిస్తారు. ఆ నిగనిగ చూడొద్దు, అంకెలు చూడండి.

రెండోది గాలి. ఇక్కడ మన ట్రాక్టరు అలవాటే మనల్ని చెడగొడుతుంది. పొలంలో ట్రాక్టరు వెనక టైరుకి గాలి తక్కువ ఉంటేనే పట్టు దొరుకుద్ది, అది నిజం. ఆ లెక్క కారుకి తెచ్చి "కొంచెం తగ్గించు, మెత్తగా పోద్ది" అంటారు. సిమెంటు రోడ్డు మీద, నూరు వేగంలో, గాలి తక్కువున్న టైరు ప్రతి చుట్టుకీ పక్కలు నలిగి వేడెక్కుద్ది. బరువు ఎక్కువుంటే ఇంకా వేడి. పైన మే నెల ఎండ. చివరికి పగిలిపోద్ది. పగిలాక అందరూ ఎండనే తిడతారు, అసలు కారణం తక్కువ గాలి.

ఎంత పెట్టాలో మెకానిక్కుని అడగక్కర్లేదు. డ్రైవరు తలుపు తెరిస్తే ఆ చట్రం మీదే స్టిక్కరు ఉంటది. చిన్న కార్లకి మామూలుగా 30, 33 ఆ దరిదాపుల్లో ఉంటది. నిండా మనుషులుంటే ఎంత పెట్టాలో కూడా చాలా బళ్ళకి విడిగా రాసి ఉంటది. పొద్దున్నే, బండి తిరగక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. యాభై కిలోమీటర్లు పోయాక కొలిస్తే అంకె పెరిగి కనపడుద్ది, అది చూసి గాలి వదలొద్దు. దారిలో టైరు పగిలితే మాత్రం బ్రేకు మీద ఎక్కి తొక్కకూడదు. స్టీరింగు రెండు చేతులా గట్టిగా, నిటారుగా పట్టుకొని యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే బండి దానంతట అదే నెమ్మదిస్తది. ఇది నడిపే పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

"నాలుగు టైర్లు మార్చాలంటే పన్నెండు, పదిహేను వేలన్నా" అంటారు. అవును, తక్కువ డబ్బేం కాదు. కానీ ఎకరం మిర్చికి ఒక్క సీజన్లో మందులకే దానికి రెండింతలు పోస్తున్నాం. అది చెట్టు బతకడానికి. ఇది ఇంటిల్లిపాదీ బతకడానికి.

బరువు కూడా ఒక మాట. చిన్న కారు మోసేది మనుషులూ సామానూ అన్నీ కలిపి సుమారు నాలుగొందల కేజీలు. వెనక సీటు మడిచి నాలుగు టిక్కీల మిర్చి వేసి, ముందర ముగ్గురు ఇరుక్కొని పోయేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. టిక్కీలకి ట్రాలీ ఉంది కదా. పురుగుమందు డబ్బాలు కారులో పెట్టి అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకుని పోవడం అంతకంటే దారుణం. మూత వదులైతే ఆ వాసన పీల్చేది మనమే.

ఇక నీళ్ళు. డ్రిప్ పైపుల్లో తెల్లగా ఉప్పు పట్టి రంధ్రాలు మూసుకుపోతే ఆసిడ్ పోసి కడుగుతాం కదా. అదే బోరు నీళ్ళని రేడియేటర్లో పోస్తాం! లోపల సన్నటి గొట్టాలకి ఆ ఉప్పే పట్టుద్ది, ఇంజను వేడెక్కుద్ది. కూలెంటు డబ్బా ఖరీదు వందల్లోనే ఉంటది. ఇంజను పని వేలల్లో. దారిలో వేడి ముల్లు పైకెక్కినా, ఎర్ర లైటు వెలిగినా పక్కకి తీసి ఆపేయండి. వేడి మీద మూత తిప్పితే సలసల కాగే నీళ్ళు మొహం మీద పడతాయి. అరగంట, ముప్పావుగంట ఆగితే పోయేదేమీ లేదు.

నిలబెట్టిన బండికి బ్యాటరీ దిగిపోద్ది. రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సరిపోద్ది అనుకుంటారు, సరిపోదు. వారానికొకసారి ఇరవై ముప్పై నిమిషాలు రోడ్డు మీద తిప్పాలి. అప్పుడు బ్రేకులూ కదులుతాయి. బ్రేకు ఆయిలు గాల్లో తేమ పీల్చుకునే రకం, తిప్పినా తిప్పకపోయినా రెండేళ్ళకి మార్పించాలి. ఇంజను ఆయిలు కూడా కిలోమీటర్లు కాలేదని ఊరుకోకుండా ఏడాదికి మార్చాలి. షెడ్డులో వరిగడ్డి పక్కనే కారు పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బయల్దేరేముందు బానెట్ ఎత్తి చూడండి. ఎండుగడ్డి మీద వేడి బండి ఆపొద్దు. కింద సైలెన్సరు వేడికి గడ్డి అంటుకోవడానికి ఎంతో సేపు పట్టదు.

నిలబెట్టిన కారు గురించి అసలు భయం ఇంకోటి ఉంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆగి ఉన్న కారులో ఇరుక్కుని ఊపిరాడక చనిపోయారు. అంతకు ముందు నెలలోనే చేవెళ్ళ దగ్గర ఇద్దరు ఆడపిల్లలు అట్లాగే పోయారు. ఆ బళ్ళు కదల్లేదు, గుద్దలేదు. సెలవుల్లో పిల్లలకి కారు ఒక ఆటబొమ్మ. పల్లెటూళ్ళో ఇంటికే తాళం వేసే అలవాటు తక్కువ, ఇక కారుకేం వేస్తాం? వేయాలి. తాళం చెవి పిల్లలకి అందని మేకుకి తగిలించాలి. పిల్లలు కనపడకపోతే బావి కంటే ముందు కారులో చూడాలి.

బెల్టు సంగతి రెండు ముక్కలు. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన మెర్సిడెస్ కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండా. అంత కారుకే దిక్కు లేకపోతే మన ఆల్టో ఎంత. వెనక కూర్చున్నవాళ్ళూ పెట్టుకోవాలి, చట్టం కూడా అదే చెబుతుంది. ముందు సీట్లో పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు. సీటు కవర్లు వేయించేటప్పుడు వెనక బెల్టు బకిల్స్ లోపలికి పోయి ఉంటాయి, ఈ పూటే బయటికి లాగండి.

రేపు పొద్దున కారు దగ్గరికి వెళ్ళి ఐదు టైర్ల మీద ఆ నాలుగంకెలు చూసి ఇక్కడ రాయండి. ఎవరిది ఏ సంవత్సరమో చూద్దాం. స్టెప్నీ అంకె మర్చిపోవద్దు, నా లెక్కలో అన్నిటికంటే పాతది అదే బయటపడుద్ది.