కెల్టు కథలును మన బాలబాలికలును

యౌవనారంభమున నున్న విద్యార్థులు నేడు మిగుల నాసక్తితో నడిగి చదువు పుస్తకములలో అద్భుత నవలలు ముఖ్యమైనవి. వానిలో ననేకములు ఐర్లండు, వేల్సు దేశముల ప్రాచీన కెల్టు గాథలనుండి పుట్టినవి. మరల లేచు మృతులు, రూపము మార్చుకొను స్త్రీలు, భవిష్యత్తు తెలుపు జంతువులు వానిలో కన్పట్టును. ఇట్టి పుస్తకములు క్రైస్తవ పాఠశాలలో నుండదగునా యని కొందరు తలిదండ్రులు మమ్ము ప్రశ్నించిరి. అన్యదేవతల కథలును మంత్రతంత్రములును పిల్లల మనస్సులను సత్యమునుండి మరల్చునేమో యని వారి చింత. ఆ చింత తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను ఈ పుస్తకములు మన గ్రంథాలయమున నుండవలయుననియు, వానిని పెద్దలుకూడ చదువవలయుననియు మా యభిప్రాయము.

మొదట నొక చారిత్రక విషయము. ఐర్లండు దేశపు అన్యమత గాథలను కాపాడి మనకిచ్చినవారు క్రైస్తవ లేఖకులే. కూలీ గోగ్రహణమను వీరగాథ వానిలో ప్రసిద్ధమైనది. మన విరాటపర్వమునందువలెనే అందును పశువులకొరకు సేనలు కదలును. కుహూలిన్ అను యువకుడు ఒంటరిగా శత్రువుల నెదిరించును. 12వ శతాబ్దపు లెన్‌స్టర్ గ్రంథములో ఈ కథ ముగిసినచోట రెండు వ్యాఖ్యలు గలవు. మొదటిది ఐరిష్ భాషలో నున్నది. ఈ గాథను మార్పులేక జ్ఞాపకముంచుకొనువారికి అది దీవెన పలుకును. రెండవది లాటిను భాషలో నున్నది. ఈ కథను వ్రాసినను తాను దీనిని నమ్మననియు, ఇందు కొన్ని కవుల కల్పనలనియు, కొన్ని మూఢులకు వినోదము గొలుపునవనియు అది చెప్పును. ప్రేమతో కాపాడుటయు, వివేకముతో పరిశీలించుటయు ఆ యొక్క పుటలోనే యిమిడియున్నవి. అపొస్తలుడైన పౌలు ఏథెన్సు నగరమున గ్రీకు కవుల మాటలనే యెత్తి సువార్త ప్రకటింపలేదా? మేము మా విద్యార్థులకు నేర్పగోరునదియు ఆ రెండు వ్యాఖ్యల పద్ధతియే.

ఇక నవలల సంగతి. వీనిలో మేము మిక్కిలి మెచ్చినవి అమెరికా రచయితయగు లాయిడ్ అలెగ్జాండర్ 1964 మొదలు 1968 వరకు ప్రకటించిన అయిదు ప్రిడేన్ కథలు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆయన సైనికుడై వేల్సులో కొంతకాలము గడపెను. అచ్చటి మధ్యయుగపు కథలగు మాబినోగియన్‌నుండి పేర్లను వస్తువులను గైకొని తన కథ నల్లెను. అయిదవ పుస్తకమునకు 1969లో న్యూబరీ పతకము లభించెను.

ఆ ప్రాచీన కథలలో ఒక మాయా కాగు కలదు. హతులైన యోధులను అందులో వేసినచో మరల లేతురు గాని మాటలాడలేరు. కలహమునకు మూలమైన ఎవ్నిసియెన్ తుదకు శవములలో కలిసి పరుండి, కాగులోనికి వేయబడి, ఒడలు చాచి దానిని బ్రద్దలుచేసి, తానును గుండె పగిలి మరణించును. అలెగ్జాండర్ కథలో ఆ కాగు నశింపవలెనన్న, తిరిగిరానని యెరిగియు సజీవుడొకడు తనంతట తాను అందులోనికి దిగవలెను. గర్విష్ఠుడును అసూయాపరుడునగు ఎల్లిడిర్ అను రాజకుమారుడే ఆ పని చేయును. మంత్రము తెచ్చిన కీడును మంత్రము తీర్పలేదు, ప్రాణత్యాగము తీర్చెను. సిలువ నెరిగిన పిల్లలకు ఈ సంగతి వివరించుటకు ఉపాధ్యాయుడు శ్రమపడనక్కరలేదు.

1967లో వచ్చిన నాలుగవ పుస్తకము మా వాదమునకు ముఖ్యాధారము. కథానాయకుడు టారన్ తలిదండ్రుల నెరుగని యనాథ. పందుల కాపరికి సహాయకుడు. తాను ఉన్నతవంశీయుడనని తేలినచో రాజకుమారిని వివాహమాడ నర్హుడ నగుదునని తలచి తన పుట్టుకను వెదకుచు బయలుదేరును. పేద గొఱ్ఱెల కాపరి యొకడు నీవు నా కుమారుడవనగా సిగ్గుతో క్రుంగిపోవును. ఆ మాట అబద్ధమని పిదప తెలియును. తరువాత కమ్మరియొద్దను, నేతపని చేయు వృద్ధురాలియొద్దను, కుమ్మరియొద్దను పని నేర్చుకొనును. కుమ్మరిపనియం దతనికి ప్రీతి మెండు. అయినను అందులో ఉత్తమ నైపుణ్యము తనకు లేదని యొప్పుకొనును. తన జన్మరహస్యము చూపునని నమ్మిన దర్పణము తుదకు నీటిగుంటయే. అందు తన ముఖమే కన్పట్టెను. కడపటి పుస్తకములో అతడు రాజగును; ఎవరి బిడ్డయో మాత్రము ఎన్నటికిని తెలియదు. అతడు యుద్ధభూమిలో దొరకిన శిశువు; అచ్చట చనిపోయినవారిలో ప్రభువులును ఉండిరి, సామాన్యులును ఉండిరి.

నీది యే వాడ, మీ తాత యే పని చేసెను అను ప్రశ్నలతో పిల్లవానిని తూచు అలవాటు మన యూళ్లలో నేటికిని పోలేదు. ఆ ప్రశ్న వినినప్పుడు మా తరగతులలో కొందరు తలవంచుకొనుట మేము చూచియున్నాము. అట్టివారికి, నీవు నిజముగా రాజపుత్రుడవని తుదకు తేల్చు వేయి కథలకంటె, పుట్టుక తెలియకున్నను నీ విలువ తరుగదని చెప్పు ఈ యొక్క కథ మేలు. మన ప్రభువును సైతము వడ్లవాని కుమారుడు కాడా యని ఆక్షేపించిరి గదా!

ఈ జాతి నవలలన్నియు నిట్టివే యని మేము చెప్పము. ప్రాచీన నామములను అలంకారమునకై తగిలించుకొని, మంత్రశక్తిని శ్రమలేని సంపదగా చూపు పుస్తకములును గలవు. వానిని మేము సమర్థింపము. మంచివికూడ అందరికి తగవు. 1967లోనే అలన్ గార్నర్ ప్రకటించిన 'గుడ్లగూబల పళ్లెముల' కథ పెద్దల యసూయ పిల్లలను పట్టి పీడించుటను తెలుపును. అది పై తరగతులవారికే తగినది.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. పుస్తకమును లాగుకొనక, మీరును చదివి, కీడు దేనిచేత తొలగెను, నాయకుడు దేనిని విడిచిపెట్టెను అని బిడ్డ నడుగుడు. విద్యార్థులారా, కథను ప్రేమింపుడు. ముగిసినపిమ్మట ఆ లేఖకునివలె మీ రెండవ వ్యాఖ్యనుకూడ వ్రాయుడు. ఆ రెండవ వ్యాఖ్య వ్రాయ నేర్చిన బాలుడు ఏ పుస్తకమువలనను దారి తప్పడని మా విశ్వాసము.