ఆరు జీవాల జట్టు, వంద రూపాయల రుసుము

2024 ఏప్రిల్ 22వ తేదీన సూరత్ లోక్‌సభ నియోజకవర్గంలో ఎన్నిక జరగకుండానే ముగిసిపోయింది. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురయింది. మిగిలిన వారంతా పోటీ నుండి తప్పుకున్నారు. బి.జె.పి అభ్యర్థి ముఖేష్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు రిటర్నింగ్ అధికారి ప్రకటించారు. మే 7న పోలింగ్ చూసి రాద్దామని బయలుదేరిన నాకు సూరత్‌లో చూడవలసిందేమీ మిగలలేదు. తిరుగు ప్రయాణానికి టికెట్ దొరికేవరకు లింబాయత్‌లో, వరసకు అక్క అయ్యే ఆమె ఇంట్లో ఉండిపోయాను.

తెలంగాణ నుండి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి పవర్‌లూమ్ కార్మికులుగా స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతున్నది. అక్క కొడుకు వాటిలో ఒకదానిలో చదివి బయటికి వచ్చినవాడే. వాడికి అప్పుడు పదిహేడేళ్ళు. నేను దిగాలుగా కూర్చోవడం చూసి, "మామయ్యా, నీ ఎలక్షన్ అయితే లేకపాయె. కూసో, నా టీమ్ చూడు" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

అది పోకెమాన్ షోడౌన్. బ్రౌజరులో ఆడే ఈ ఆటకు పైసా ఖర్చు లేదు. పోకెమాన్ ఆటలు నడిచే నింటెండో యంత్రం కొనే స్తోమత మగ్గం కార్మికుడి ఇంట్లో ఉండదు గనుక మా వాడి పోటీలన్నీ ఇక్కడే. ఆటగాడు ఆరు వింత జీవాలతో ఒక జట్టు కూర్చుకుంటాడు. ఎదుటివాడికీ ఆరు ఉంటాయి. ఒక్కో వంతుకు ఇద్దరూ ఒకేసారి తమ ఎత్తు నిర్ణయించుకుంటారు; అవతలివాడు ఏమి చేయబోతున్నాడో ఇవతలివాడికి తెలియదు. జీవాలన్నీ నిప్పు, నీరు, గడ్డి, ఉక్కు వంటి 18 రకాలుగా విభజింపబడి ఉంటాయి. దాదాపు ప్రతి రకానికీ కొన్ని రకాలపై పైచేయి, మరికొన్ని రకాల ముందు బలహీనత.

చూడగానే నాకు చిన్నపిల్లల కార్టూన్‌లాగే కనిపించింది. అరగంట తర్వాత ఆ అభిప్రాయం మార్చుకోక తప్పలేదు.

తాను మొదట కట్టిన జట్టు ఎందుకు చిత్తుగా ఓడిందో మా వాడు వివరించాడు. బలమైనవన్నీ ఏరి ఆరు డ్రాగన్లను పెట్టుకున్నాడట: గార్చోంప్, డ్రాగొనైట్, సాలమెన్స్, హైడ్రీగాన్, హాక్సోరస్, ఫ్లైగాన్. విడివిడిగా చూస్తే దేనికదే భయం పుట్టించేది. కానీ డ్రాగన్ రకమంతటికీ మంచు దాడి అంటే గండం. అందులో నాలుగింటికి ఆ దెబ్బ నాలుగింతలై తగులుతుంది. అవతలివాడి దగ్గర వీవైల్ అనే మంచు జీవం ఒక్కటి ఉంది. ఆరింటికన్నా వేగమైనది. వరసబెట్టి పడగొట్టింది. ఆరుగురు బలవంతులకూ ఒకే బలహీనత ఉంటే శత్రువుకు ఒక్క ఆయుధం చాలు.

ఆ తర్వాత ఆరు నెలలు వాడు చేసిందంతా ఆ బలహీనతలను పంచడమే. గార్చోంప్‌ను ఒక్కదాన్నే ఉంచాడు. దాన్ని కూల్చే మంచు దాడిని హీట్రాన్ అనే నిప్పు, ఉక్కు జీవం అవలీలగా భరిస్తుంది. హీట్రాన్‌కు నేల రకం దాడి పెద్ద గండం, నీరు మరొకటి. అందుకని బట్టలుతికే యంత్రంలో దూరిన రోటమ్‌ను పక్కన నిలబెట్టాడు. అది గాలిలో తేలుతుంది కనుక నేల దాడి దానికి అంటదు, నీటి దాడి సగమే తగులుతుంది. ఇక రోటమ్‌కు మిగిలిన ఏకైక లోపం గడ్డి రకం. ఆ దాడి వస్తే తిరిగి హీట్రాన్‌ను దింపుతాడు, దానికి గడ్డి దెబ్బ నాలుగో వంతే. మూడు జీవాలు ఒకదాని గాయానికి ఒకటి అడ్డుపడుతున్నాయి. కొట్లాట రకం దాడులు మాత్రం ఇంకా మిగిలాయి. వాటి కోసం క్లెఫేబుల్‌ను తెచ్చాడు. చివరి రెండు స్థానాలు ఎవరికివ్వాలన్నది వాడి నోటుబుక్కులో నాలుగు పేజీల చర్చ. ఒక పేజీ నిండా కొట్టివేతలే.

రాజకీయాలు రాసేవాడికి దేనిని చూసినా మంత్రివర్గ విస్తరణే గుర్తుకు రావడం ఒక వృత్తిదోషం. అయినా ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన పోకెమాన్ ప్రపంచ పోటీలలో దక్షిణ కొరియాకు చెందిన సెజున్ పార్క్ విజేత అయ్యాడు. ఆ పోటీలో రెండేసి జీవాలు ఒకేసారి బరిలోకి దిగుతాయి. ఆయన జట్టులో పచిరిసు అనే ఉడుతలాంటి విద్యుత్ జీవం ఉంది. బలాబలాల అంకెలు కూడితే గార్చోంప్‌కు 600, దీనికి 405. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ అది ఎదుటివారి దాడులను తన వైపుకు మళ్ళించుకోగలదు, విద్యుత్ దాడి తగిలితే నష్టపోకపోగా కోలుకుంటుంది. అదే జట్టులోని గ్యారడోస్‌కు విద్యుత్తే మహా గండం. ఆ ఉడుత పక్కన ఉన్నంతసేపూ గ్యారడోస్ నిశ్చింతగా తన పని తాను చేసుకోగలిగింది. నేను సూరత్ నుండి తిరిగి వచ్చిన ఆరు వారాలకు లోక్‌సభ ఫలితాలు వెలువడ్డాయి. 272 కావలసిన చోట 240 దగ్గర ఆగిపోయిన బి.జె.పికి 16 సీట్ల తెలుగుదేశం, 12 సీట్ల జె.డి(యు) ఎంత అవసరమయ్యాయో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ నైపుణ్యానికి మన చట్టంలో చోటు ఎక్కడ అన్న ప్రశ్న మా వాడి ద్వారానే నా ముందుకు వచ్చింది.

ఆన్‌లైన్ క్రీడల ప్రోత్సాహ, నియంత్రణ బిల్లును లోక్‌సభ 2025 ఆగస్టు 20న, రాజ్యసభ మరుసటి రోజున, నినాదాల హోరు నడుమ మూజువాణి ఓటుతో ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం చేశారు. మూడు రోజులలో ముగిసిన వ్యవహారం. ప్రతిపక్షం ఉండీ చర్చ లేదు. సూరత్ ఎన్నికకూ దీనికీ పెద్ద తేడా నాకు కనపడలేదు.

ఈ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడేవారికి శిక్ష లేదు. ఈ నిషేధాన్ని నేను వ్యతిరేకించడం లేదు. ఆన్‌లైన్ రమ్మీలో జీతాలు, పొలాలు పోగొట్టుకుని ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు రాసిన చేతులివి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమంత తామే నిషేధం తెచ్చుకున్నది ఆ బాధ చూసే. నా అభ్యంతరం నిర్వచనం దగ్గర.

1967లో సుప్రీంకోర్టు ముందుకు సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె.సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసు అది. మూడు ముక్కలాట వంటిది కాదు రమ్మీ, ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడం అందులో ప్రధానం గనుక అది ముఖ్యంగా నైపుణ్యం గల ఆట అని కోర్టు చెప్పింది. ఆ గీటురాయి మీద దేశంలో అర్ధ శతాబ్దం పైగా తీర్పులు వచ్చాయి. కొత్త చట్టం ఆ గీటురాయినే పక్కన పడేసింది. నైపుణ్యమా, అదృష్టమా, రెండూనా అన్నదానితో నిమిత్తం లేకుండా, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో రుసుము కడితే అది డబ్బు ఆటే. ఇ-స్పోర్ట్‌కు మాత్రం మినహాయింపు ఉంది: అక్కడ ప్రవేశ రుసుము తీసుకోవచ్చు, నగదు బహుమతీ ఇవ్వవచ్చు. కానీ ఆ ఆట గుర్తింపు పొంది, ప్రాధికార సంస్థ వద్ద నమోదై ఉండాలి.

అదే సెప్టెంబరులో మా వాడు ఫోన్ చేశాడు. లింబాయత్‌లో పదహారు మంది పిల్లలతో పోటీ పెడతాడట. తలా వంద రూపాయలు. గెలిచినవాడికి వెయ్యి, రెండోవాడికి ఆరు వందలు. నడిపేవాడికి పైసా మిగలదు. డబ్బు తీసుకోవద్దని నేను గట్టిగా చెప్పాను. నేను చదివిన మేరకు, నమోదు కాని ఆ పోటీ చట్టం కళ్ళకు కోట్ల వ్యాపారం చేసే రమ్మీ కంపెనీ పక్కనే నిలబడుతుంది.

"మా గల్లీల కబడ్డీ టోర్నమెంటుకు ఎంట్రీ ఫీజు తీసుకుంటరు గదా మామయ్యా, మరి అదేంది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. బిల్లు తెచ్చినవారి దగ్గరా ఉంటుందని అనుకోను. అసలు ఆరా తీయవలసింది ఆటగాడి జేబులో నుండి వచ్చిన డబ్బు ఎవరికి చేరుతున్నదన్నది. ప్రతి చేతికీ తన వాటా కోసుకుని, ఓడినవాడిని మళ్ళీ మళ్ళీ కూర్చోబెట్టే వేదిక ఒకటి. పదహారు మంది వేసుకున్న చందాను పంచుకునే గల్లీ పోటీ మరొకటి. నడిపేవాడికి లాభం లేని, పరిమిత మొత్తం దాటని పోటీలకు నమోదు అవసరం లేదని ఒక్క నిబంధన రాస్తే సరిపోయేది. లేకుంటే ఇ-స్పోర్ట్ గుర్తింపు అన్నది నమోదు ఖర్చు భరించగల పెద్ద నగరాల నిర్వాహకుల సొత్తవుతుంది. ఇంతకుముందు కూడా ఇటువంటి ఆటలను చూడడంలో మన వ్యవస్థ తొందరే చూపింది. 2016లో పోకెమాన్ గో ఆటలో గుడ్లు గుళ్ళ దగ్గర దొరుకుతున్నాయని గుజరాత్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడితే కోర్టు నోటీసులిచ్చింది. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ ఆడినందుకు కుర్రాళ్ళను అరెస్టు చేశారు.

పోటీ రుసుము లేకుండానే జరిగింది. పదహారు మందిలో పదకొండు మందే వచ్చారట. మా వాడు ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయాడు. ఆఖరి వంతులో రోటమ్ విసిరిన నీటి దాడి గురి తప్పింది. ఆ దాడి నూటికి ఎనభై సార్లే తగులుతుంది. అదృష్టం కలిసిరాలేదా అని అడిగాను.

"అట్లేం లేదు మామయ్యా. తప్పని దాడి ఇంకోటుండె. బలం తక్కువని నేనే పెట్టుకోలే. ఇప్పుడు మారుస్తున్న."