ఫ్యాక్టరీ వచ్చింది, ఇల్లేదీ?

2021 అక్టోబరు 1న హో చి మిన్ సిటీలో నెలల తరబడి సాగిన కోవిడ్ లాక్‌డౌన్‌ను సడలించారు. వేలాదిమంది కార్మికులు మూటాముల్లె, చంటిపిల్లలతో మోటారుసైకిళ్లెక్కి మెకాంగ్ డెల్టాలోని సొంతూళ్ల దారి పట్టారు. ఫ్యాక్టరీలు తెరుస్తున్నాం, ఉండండన్నా ఆగలేదు. వియత్నాం వృద్ధిని ఎవరు పొగిడినా నాకు ముందు ఆ రోడ్లే గుర్తొస్తాయి.

ఆ వృద్ధి అబద్ధమని కాదు. 1986లో ‘దోయ్ మోయ్’ సంస్కరణలు చేపట్టేనాటికి తిండిగింజలకు కటకటలాడిన దేశం మూడేళ్లకే బియ్యం ఎగుమతి చేసింది. 2007లో డబ్ల్యూటీవోలో చేరింది. బాక్ నిన్, థాయ్ న్గుయెన్‌లలో శాంసంగ్ ఫోన్ల కర్మాగారాలు వెలిశాయి. కోట్లమంది పేదరికం నుంచి బయటపడ్డారు.

మరి పనికోసం వచ్చిన మనిషి ఎక్కడ ఉండాలి? ‘న్యా ట్రో’ అనే ఇరుకు అద్దెగదుల వరుసల్లో. కరెంటుకు సర్కారు రేటు కన్నా ఎక్కువే గుంజే యజమానులున్నారు. దానికితోడు ‘హో ఖావు’ అనే కుటుంబ నమోదు పుస్తకం. పేరు ఊళ్లో ఉంటే, నగరంలో బిడ్డకు ప్రభుత్వ బడిలో సీటు దొరకడం కష్టమయ్యేది. అందుకే ఎందరో తల్లులు పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వచ్చారు. ఆ కాగితం పుస్తకం 2022తో పోయింది, నమోదు కంప్యూటర్లోకి మారింది.

2021లో ఊళ్లకు వెళ్లినవాళ్లు వెంటనే తిరిగి రాకపోవడంతో ఫ్యాక్టరీలకు మనుషులు కరవయ్యారు. అప్పుడు ప్రభుత్వం పనిలో ఉన్నవారికి నెలకు 5 లక్షలు, తిరిగి పనిలోకి వచ్చినవారికి 10 లక్షల డాంగ్‌ల చొప్పున మూడు నెలల వరకు అద్దెసాయం ఇచ్చింది. 2030కల్లా 10 లక్షల సామాజిక గృహాలు కట్టాలని 2023లో లక్ష్యం పెట్టుకుంది. సంస్కరణలు మొదలైన 37 ఏళ్లకు! ఇంత ఆలస్యానికి మూల్యం చెల్లించింది కార్మికులే.

ఇదంతా మనకు కొత్త కాదు. 2020 లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో తొలి శ్రామిక్ రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే, ఝార్ఖండ్‌లోని హటియాకు. మన భవనాలు కట్టినవాళ్లే అందులో వెళ్లారు. ఇప్పుడు వియత్నాంకు వెళ్లిన తరహా ఎలక్ట్రానిక్స్ కంపెనీలనే మన రెండు రాష్ట్రాలూ పిలుస్తున్నాయి. భూమికి, నీటికి, రాయితీలకు ఫైళ్లు కదులుతున్నాయి. అదే ఫైల్లో కార్మికుల ఇళ్లు కూడా ఉండాలి. తమిళనాడు 2024లో వల్లం వడగాల్ వద్ద 18,720 మంది మహిళా కార్మికులకు వసతిగృహం తెరిచింది. మంచి పని. కానీ హాస్టల్ మంచం ఒంటరిగా వచ్చినవారికే చాలుతుంది. ఆలుబిడ్డలతో వచ్చే తాపీమేస్త్రీకి తాళం వేసుకునే గది కావాలి, ఇక్కడే తీసుకోగల రేషను కావాలి, నడిచి వెళ్లేంత దూరంలో అంగన్‌వాడీ కావాలి.